జాగ్రత్త: ఐదు రికార్డు జాకెట్లు వచ్చాయి, లోపల ప్లేట్లు మాత్రం మూడే

మన పాత రికార్డుల గ్రూపులో ఎర్ర దుప్పటి మీద ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ ప్లేట్లు, పరిచి అమ్మకానికి ఫొటోలు పెట్టే ఆయన మీకందరికీ తెలుసు. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ఈ నెల ఏం కొన్నారో అందరూ చూపిస్తున్నారు కదా, నేను కొన్నదీ చూడండి. మొదటి ఫొటో ఎంఎస్ సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల, ఐదు జాకెట్లూ (ప్లేటు పెట్టే అట్ట కవర్లు) వరసగా, ఒక్క మూల కూడా నలగకుండా. రెండో ఫొటోలో గుండ్రంగా కనిపిస్తున్నది రికార్డు కాదు. చీరల పెట్టె అట్ట.

7,200 రూపాయలు. కొరియర్‌కి 350 వేరే. నిన్న సాయంత్రం జరిగింది, రాత్రంతా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఈ సెట్టు మా ఇంట్లో ఒకప్పుడు ఉండేది, నాన్న కొన్నది. 86 వరదకి గోదావరి లంకలో మా ఇల్లు మునిగినప్పుడు బియ్యం, పెట్టెలు, గ్రామఫోన్, ప్లేట్లు అన్నీ పోయాయి. బియ్యం సంగతి అమ్మ మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ప్లేట్ల సంగతి మాత్రం ఏటా గోదావరికి నీళ్లొచ్చినప్పుడల్లా ఎత్తుతుంది. అదీ నేపథ్యం.

సుప్రభాతం అయితే 63 నుంచీ ఉన్నదే, ఏ పాత సామాన్ల కొట్లో అడిగినా ఒక కాపీ దొరుకుతుంది. పంచరత్నమాల అలా కాదు. పీవీఆర్‌కే ప్రసాద్ గారు టీటీడీ ఈవోగా ఉన్న రోజుల్లో పూనుకుని చేయించిన పని అది. ఎంఎస్ గారు అరవై దాటిన వయసులో అన్నమయ్య కీర్తనలు కూర్చుని కొత్తగా నేర్చుకుని పాడారు. ఐదు ఎల్పీలు. విడివిడిగా ఒకటీ రెండూ కనపడతాయి గానీ ఐదూ ఒక్కచోట, జాకెట్లతో సహా అంటే నాకు ఆరేళ్లలో ఇదే మొదటిసారి. అందుకే కళ్లు మూసుకుపోయాయి. ఎర్ర దుప్పటి ఆయన పెట్టిన ఫొటోలన్నీ జాకెట్లవే. ప్లేటు మధ్యలో పేరుండే కాగితం, ఆ లేబుల్ ఫొటో ఒక్కటీ లేదు, ప్లేటు మీద లైటు వేసి తీసింది ఒక్కటీ లేదు. కొత్తవాళ్లకి ‘లేబుల్ ఫొటో లేకుండా డబ్బులు వేయకండి’ అని పాఠాలు చెప్పేది ఎవరు? నేనే. పోయిన దసరాకి ఇక్కడే ఇంత పొడుగు రాశాను, కావాలంటే వెతికి చదువుకుని నవ్వుకోండి.

నమ్మకం ఎలా కుదిరిందంటే, మార్చిలో ఆయన దగ్గరే 400 పెట్టి ఒక ఈపీ, అంటే చిన్న ప్లేటు, తీసుకున్నా. చెప్పిన రోజుకి వచ్చింది, చెప్పినట్టే ఉంది. ‘బంగారం లాంటి మనిషి’ అని నేనే మెచ్చుకుంటూ రాశా. ఆ 400 ఎర అని ఇప్పుడు తెలుస్తోంది. ఆ పొగడ్త చూసి ఇంకెవరైనా డబ్బులు కట్టి ఉంటే, వాళ్లకి నా క్షమాపణ.

ఇక నిన్నటి సంగతి. పార్సెల్ రాగానే అమ్మ స్నానం చేసి దీపం పెట్టింది. అగరొత్తులు కూడా. కుర్చీ లాక్కుని టర్న్‌టేబుల్ ఎదురుగా కూర్చుంది, కళ్లు మూసుకుంది. మొదటి ప్లేటు పెట్టాను. కాస్త చిటపటలున్నాయి, ఆ వయసు రికార్డుకి అవి ఉంటాయి, బాధ లేదు. రెండోది ఇంకా బాగుంది. అమ్మ పెదవులు కదులుతున్నాయి, లోపల తనూ పాడుకుంటోంది. మూడోది తీశాను. కళ్లజోడు పక్క గదిలో ఉంది, లేబుల్ మీద హెచ్ఎంవీ వాళ్ల కుక్క బొమ్మ కనపడింది, చాలనుకున్నా. ముల్లు దించాను.

ఢోలక్. దాని వెనకే నలుగురైదుగురు మగవాళ్లు ‘హోయ్’ అంటూ.

పంజాబీ పెళ్లిపాటలు! అగరొత్తుల పొగలో, వెంకటేశ్వరస్వామి పటం ముందు. అమ్మ కళ్లు తెరిచి, ‘ఏరా, ఇదేం కీర్తనరా?’ అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. నిజంగా నవ్వాం, ఎందుకంటే అప్పటికి నాకు కోపం రాలేదు. పాత ప్లేట్లు ఎవరింట్లోనో చేతులు మారుతూ జాకెట్లు తారుమారవుతాయి, మనందరికీ ఒకసారైనా జరిగినదే. మారిపోయింది, చెబితే పంపుతాడులే అనుకున్నా. నాలుగోది తీసి పెట్టాను, ఒకచోట గీత పడి అదే ముక్క రెండుసార్లు తిరిగింది, వేలితో చిన్నగా తోశాను, సాగిపోయింది.

ఐదోది ఇన్నర్ కవరు అంచు పట్టుకుని లాగుతుంటే చేతికి తేడా తెలిసింది. ప్లేటు అంచు చల్లగా, గట్టిగా ఉంటుంది. ఇది మెత్తగా ఉంది. బయటికి తీస్తే అట్ట. పన్నెండు అంగుళాల కొలతకి గుండ్రంగా కత్తిరించిన అట్ట. కత్తెరతో కాదు, బ్లేడుతో, అంచు ఎక్కడా వంకర లేదు. పక్కన అసలు ప్లేటు పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసుకున్న గీత కూడా సగం దాకా కనపడుతోంది. వెనకవైపు బంగారు రంగులో ‘సిల్క్ హౌ’ అని, మిగతా అక్షరాలు కోతకి పోయాయి.

ఇది తారుమారు కాదు కదా. ఒక మనిషి తీరిగ్గా కూర్చుని, ప్లేటు పెట్టి గీసి, కోసి, కవర్లో దూర్చి, జాకెట్‌లో పెట్టి, ఆ పైన టేపు వేశాడు. ఆ శ్రద్ధే నాకు మింగుడు పడటం లేదు. మోసం చేసేవాడు కాస్త బద్ధకంగా అయినా చేయొచ్చు కదా.

ఫోన్ చేశాను. ఎత్తాడు, అది చెప్పుకోవాలి.

‘సార్, అది ప్యాకింగ్ సపోర్ట్. జాకెట్ వంగకుండా పెడతాం.’

మరి ప్లేటేదండీ అన్నాను.

‘నా పోస్టు మళ్లీ చదవండి సార్. ఐదు వాల్యూముల సెట్టు, జాకెట్లు ఫస్ట్‌క్లాస్ అని రాశాను. జాకెట్లు ఫస్ట్‌క్లాస్‌గా లేవా?’

ఉన్నాయి. అదే దరిద్రం, నిజంగానే ఫస్ట్‌క్లాస్‌గా ఉన్నాయి.

పార్సెల్ విప్పుతూ వీడియో తీశారా అన్నాడు. తీయలేదు. దీపం ముందు వీడియో ఏమిటని తీయలేదు. ‘వీడియో లేకపోతే ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు సార్, మీరే ప్లేటు తీసుకుని అట్ట పెట్టారేమో’ అన్నాడు. నాకు గొంతు లేచింది. అమ్మ కోసం కొన్నానండీ, ఎనభై రెండేళ్ల మనిషి పూజ చేసుకుని కూర్చుంది, కనీసం ఆ రెండు ప్లేట్ల డబ్బులైనా వెనక్కి వేయండి అని అడిగాను. అడిగాను కూడా కాదు, బతిమాలాను. రాయడానికి సిగ్గేస్తోంది.

అప్పుడు అన్నాడు: ‘అమ్మగారికి యూట్యూబ్‌లో పెట్టండి సార్. ఫ్రీయే కదా.’

నవ్వుతూ అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అమ్మ విన్నది.

డబ్బులు పోతే పోయాయి. ఇంతకంటే పెద్ద మొత్తాలు ఇంతకంటే తెలివితక్కువగా పోగొట్టుకున్నాను. కానీ ఆ ‘ఫ్రీయే కదా’ ఉందే, అది వదలడం లేదు. వాడికి తెలియదా, రికార్డులు అమ్మి బతికేవాడికి, జనం ప్లేటు ఎందుకు కొంటారో? సుప్రభాతం మీద వచ్చే రాయల్టీ వేదపాఠశాలకి రాసిచ్చేసిన మనిషి పాటలవి. ఆవిడ పేరున్న జాకెట్‌లో అట్ట పెట్టి 7,200కి అమ్మి, పైగా మనకి ‘ఫ్రీ’ గురించి చెబుతాడా! తర్వాత మళ్లీ చేస్తే మోగలేదు. బ్లాక్.

ఇంకో మాట చెప్పాలి, ఇది చదివి కొందరికి కోపం వస్తుంది, రానీయండి. రాత్రి మనవాళ్లలో తెలిసిన ముగ్గురికి ఈ సంగతి చెప్పాను. ముగ్గురిలో ఇద్దరు ‘అవునా, నాకూ అయింది’ అన్నారు. ఒకాయనకి ఖాళీ జాకెట్, ఇంకొకాయనకి వేడికి వంగిపోయి పళ్లెంలా అయిన ప్లేటు. ఎందుకు చెప్పలేదండీ అంటే, ‘ఇన్నేళ్లుగా కొంటున్నవాణ్ని, మోసపోయానని ఎలా చెప్పుకోను మాస్టారూ, పరువు కదా’ అన్నాడు ఒకాయన. మీ పరువు విలువ 7,550 రూపాయలు మాస్టారూ, నేను కట్టాను. రసీదు కావాలంటే పంపిస్తాను.

అమ్మ మాత్రం, ‘మూడొచ్చాయి కదా, వరదలో ఒక్కటీ మిగల్లేదు’ అంది. పొద్దున్నే లేచి మొదటి ప్లేటు తనే పెట్టుకుంది.

సరే, పనికొచ్చే ముక్కలు రెండు. జాకెట్ ఫొటో చూసి కొనకండి. ప్రతి ప్లేటుకీ రెండు వైపులా లేబుల్, ఆ లేబుల్ చుట్టూ పాట అయిపోయాక మిగిలే ఖాళీ జాగాలో చెక్కిన నంబరు, రెండూ కనపడేలా ఫొటో అడగండి. నిజంగా ప్లేటు ఉన్నవాడు రెండు నిమిషాల్లో తీసి పంపుతాడు. ఇది నేను మీకు దసరాకే చెప్పాను, నాకు నేను చెప్పుకోలేదు. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, ఎదురుగా దేవుడున్నా సరే. ఫోన్ నంబరుకి నేరుగా డబ్బులు వేస్తే వెనక్కి రప్పించుకోవడం చాలా కష్టం, అందుకే పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయొద్దు. నేను రాత్రే చేసి కంప్లైంట్ నంబరు తీసుకున్నాను. ఆ ఇద్దరినీ కూడా చేయమన్నాను, ఒకాయన చూద్దాంలే అన్నాడు.

పంజాబీ ప్లేటు ఎవరికైనా కావాలంటే కొరియర్ ఖర్చు పెట్టుకుని తీసుకోండి. చాలా మంచి కండిషన్, ఒక్క గీత లేదు, అది మాత్రం వాడు బాగా చూసుకున్నాడు. అలాగే పంచరత్నమాల మూడు, ఐదు వాల్యూములు జాకెట్లు చిరిగిపోయి ఉత్త ప్లేట్లే ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, రేటు మీరే అనండి. జాకెట్లు నా దగ్గర ఉన్నాయి. ఫస్ట్‌క్లాస్‌గా.