పాత బొలెరో వెనుక కిర్రుచప్పుడు: వరంగల్ ఆటోనగర్‌లో ఒక కమాన్ పట్టీల షెడ్డు

వరంగల్ ఆటోనగర్‌లో లారీలకు, డీసీఎంలకు కమాన్ పట్టీలు, అంటే ఇరుసు మీద బండి బరువును మోసే వంపు ఇనుప పట్టీల స్ప్రింగులు, సరిచేసే ఒక చిన్న షెడ్డు పనితనం గురించి ఈ సమీక్ష. మా బండి 2009 నాటి మహీంద్రా బొలెరో. దీని వెనుక ఇరుసు చుట్టల స్ప్రింగుల మీద కాకుండా, లారీల మాదిరిగా ఈ పట్టీలను పేర్చి కట్టిన కమాన్ కట్టల మీదనే నిలబడి ఉంటుంది. కాబట్టి దాని చప్పుడును కార్ల మెకానిక్కు కంటే కమాన్ మేస్త్రీయే బాగా పోల్చుకుంటాడని పరకాలలో ఉండే మా బావగారు చెప్పగా అక్కడికి తీసుకువెళ్లాను.

స్పీడు బ్రేకరు మీద నెమ్మదిగా ఎక్కి దిగినప్పుడల్లా వెనుక నుంచి తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు కిర్రుమనేది. వేగంగా పోతున్నప్పుడు వినబడేది కాదు, వాన కురిసిన రోజున అసలే ఉండేది కాదు. అంతకుముందు హనుమకొండలో చూపించిన ఒక గ్యారేజీ వారు షాక్ అబ్సార్బర్లు పోయాయని తేల్చి రెండూ మార్చారు గానీ చప్పుడు అలాగే ఉండిపోయింది. పాత షాకుల నుంచి ఆయిలు కారుతున్న మాట నిజమే కనుక ఆ ఖర్చు మొత్తం వృథా అనను. అయితే ఆయిలు కారే షాకు గుంతలో పడిన బండిని ఎక్కువసేపు ఊగిస్తుందే తప్ప, ఎండలో అరిచి వానలో ఊరుకోదు.

ఈ షెడ్డు మేస్త్రీ పానా పట్టకముందే చాలా ప్రశ్నలు అడిగారు. ఖాళీ బండికి వస్తుందా, మనుషులు ఎక్కితే వస్తుందా, తడిసిన తరువాత ఎంతసేపటికి మళ్లీ మొదలవుతుంది, బ్రేకు వేస్తే తేడా ఉందా అని అడిగి, పొడి రబ్బరు మీదనే అనుమానం ఉందన్నారు. తరువాత కుర్రవాడిని వెనుక బంపరు మీద నిలబెట్టి బండిని పైకీ కిందికీ ఊపమని, తాను కింద పడుకొని ఒక్కొక్క అతుకు మీద అరచేయి ఆనించి చూశారు. చెవికి ఎడమవైపు వినబడుతున్న చప్పుడు ఛాసిస్ ఇనుము వెంట పాకి వచ్చినదై ఉండవచ్చునని, చేతికి తగిలే అదురే నమ్మదగినదని ఆయన అన్న మాట తరువాతి పరీక్షలో నిజమని తేలింది.

ఆ పరీక్షే ఈ షెడ్డుకు వెళ్లదగిన కారణం. మూతకు చిల్లు పెట్టిన కూల్‌డ్రింక్ సీసాలో మంచినీళ్లు నింపి, ఒక్కసారి ఒక్క చోటనే చిమ్ముతూ పోయారు. ముందు సైలెన్సరును వేలాడదీసే రబ్బర్లు, తరువాత షాకుల కింది కన్నులు (బోల్టు దూరే గుండ్రటి చివరలు), ఆపైన కమాన్ కట్ట ముందు కన్ను, పట్టీల మధ్య సందులు. వీటిలో దేనిని తడిపినా చప్పుడు ఆగలేదు. కుడివైపు షాకిల్ (కమాన్ కట్ట వెనుక చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) పైబుష్షు, అంటే పిన్ను చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, మీద నీళ్లు పడగానే ఆగిపోయి, కాసేపటికి ఆరాక మళ్లీ మొదలైంది. బరువు పడినప్పుడు కమాన్ కట్ట సాగి పొడవవుతుంది, ఆ పొడవుకు చోటిచ్చేందుకు వెనుక చివరన షాకిల్ ఊగుతుంది. అరిగిన రబ్బరు అక్కడే రాసుకుంటుంది. విప్పి చూపించినప్పుడు రబ్బరు ఒకవైపు పలచబడి, పిన్ను దాదాపు ఇనుము మీదికే వచ్చి ఉంది.

రెండు వైపులా షాకిల్ బుష్షులు మార్చారు. ఎడమవి కొంతకాలం నడిచేవే గానీ, తక్కువ ధర సరుకు కోసం మళ్లీ విప్పించుకోవడం దండగ అని నాకూ అనిపించింది. బిగింపులో చూపిన శ్రద్ధ మరీ మెచ్చుకోదగినది. జాకీ మీద ఉండగా నట్లను వదులుగానే ఉంచి, బండి బరువు చక్రాల మీదికి వచ్చిన తరువాత, ఒకసారి ఊపి, అప్పుడు బిగించారు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బుష్షు మెలితిరిగిన స్థితిలోనే పట్టుబడి త్వరగా చిరుగుతుంది. తొందరలో ఉన్న షెడ్లలో ఎక్కువగా వదిలేసే పని ఇదే.

వాటర్ సర్వీసింగ్ చేసే చోట కమాన్ పట్టీల మీద వాడేసిన ఇంజిన్ ఆయిలు చల్లే అలవాటును ఆయన గట్టిగా తప్పుబట్టారు. ఆయిలు తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పైగా మన ఎర్రమట్టి దుమ్మంతా అక్కడే అంటుకొని పట్టీలను అరగదీస్తుంది. తప్పదనుకుంటే రబ్బరుకు హాని చేయని సిలికాన్ స్ప్రే వాడమన్నారు.

లోపాలు కూడా ఉన్నాయి. బిల్లు ఇవ్వరు, కూర్చునే చోటు లేదు, రేకుల కింద మధ్యాహ్నపు ఎండ భరించడం కష్టం. విడిభాగాలు బయటి దుకాణం నుంచి మనమే తెచ్చుకోవాలి, అసలు సరుకేదో పోల్చడంలో మేస్త్రీ సాయం చేస్తారు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బండ్లు తిరిగే కాలంలో విరిగిన పట్టీలతో డీసీఎంలు వరుస కడతాయి, మేడారం జాతర ఏడాది ఆ రద్దీ ఇంకా పెరుగుతుంది కనుక చిన్న బండ్ల వంతు ఆలస్యంగా వస్తుంది. మజూరీ మాత్రం న్యాయంగా ఉంది, వెతికిన శ్రమకు వేరుగా అడగలేదు. కొంత దూరం తిరిగాక కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు మరోసారి చూస్తామని చెప్పి, వెళ్లినప్పుడు ఉచితంగానే చూశారు. చుట్టల స్ప్రింగులున్న కార్లను తీసుకువెళ్లవద్దు, ఆ పని తమది కాదని ఆయనే తిప్పి పంపుతారు.