జయపురంలో క్లచ్ మార్పిడి: పాత అబార్త్ పుంటోకు జరిగిన పనిపై సమీక్ష

సాలూరు దాటి ఒడిశా వైపు సుంకి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు నా కారు మూడో గేరులో ఇంజన్ హోరు పెంచేదే తప్ప వేగం పుంజుకునేది కాదు. 2016 నాటి ఈ అబార్త్ పుంటోను (ఫియట్ పుంటోకు ఎక్కువ శక్తిగల రకం) విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1.4 లీటర్ల టర్బో ఇంజన్, 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉన్నా, ఆ బలాన్ని చక్రాలకు చేర్చవలసిన క్లచ్ జారిపోతుంటే అదంతా ఉండీ లేనట్టే.

అంతకు ఏడాది ముందే మరో ఊరి వర్క్‌షాపులో క్లచ్ ప్లేటు మార్పించాను. తక్కువలో తేలిపోతుందని, క్లచ్ ప్లేటును అదిమిపట్టే ప్రెషర్ ప్లేటును, పెడలు తొక్కినప్పుడు ఆ పట్టును విడిపించే రిలీజ్ బేరింగ్‌ను పాతవే ఉంచారు; ఎనిమిది వేల కిలోమీటర్లు తిరగకుండానే జారడం మళ్లీ మొదలైంది. అందుకే ఈసారి బంధువుల మాట మీద ఒడిశాలోని జయపురంలో ఉన్న ఒక చిన్న వర్క్‌షాపుకు బండిని తీసుకువెళ్లాను.

గేర్‌బాక్స్ దింపిన తరువాత మేస్త్రీ గారు నన్ను దగ్గరికి పిలిచి ఫ్లైవీల్ చూపించారు. ఇంజన్‌తో పాటు తిరిగే ఈ బరువైన చక్రాన్నే క్లచ్ ప్లేటు పట్టుకుంటుంది. దాని ముఖం మీద నీలిరంగు మచ్చలు ఉన్నాయి. విపరీతమైన వేడికి ఆ చోట్ల లోహం గట్టిపడిందనీ, అటువంటి ముఖం మీద కొత్త ప్లేటు వేస్తే అది సమానంగా పట్టక బండి కదిలేటప్పుడు అదురుతుందనీ, ప్లేటు మీది లైనింగ్ (రాపిడి పొర) త్వరగా అరిగిపోతుందనీ ఆయన ఓపికగా వివరించారు. ముందు చోట డబ్బు తీసుకున్నవారు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే నాకు రెండో ఖర్చు తప్పేది. ఫ్లైవీల్‌ను లేత్ మీద చదును చేయించి, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడింటినీ ఒకేసారి మార్చారు. క్రాంక్ షాఫ్ట్ వెనుక ఆయిల్ సీల్ చెమ్మగిల్లి ఉండటం గమనించి దానినీ మార్చారు. ఆ నూనె లైనింగ్ మీదకు చేరితే కొత్త క్లచ్ కూడా జారుతుంది. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో బిగించారు. క్లచ్ ప్లేటు కూర్చునే గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్లకు గ్రీజు పలుచగానే పూశారు. క్లచ్ లైన్‌లోని పాత ద్రవాన్ని పూర్తిగా తీసి కొత్త డాట్ 4 రకం బ్రేక్ ద్రవం పోశారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్లకొకసారి మార్చుకోమన్నారు.

తరువాత ఆయన అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది: “ఘాట్‌లో బండి ఆగినప్పుడు క్లచ్ మీదే నిలబెడతారా బాబూ?” అవును, లారీల వెనుక ఆగినప్పుడల్లా సగం క్లచ్‌తో, యాక్సిలరేటర్‌తో బండిని వాలు మీద నిలబెట్టేవాడిని. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి చేరే 26వ నంబరు జాతీయ రహదారి మలుపుల్లో ఆ అలవాటు ప్లేటును కాల్చేస్తుంది. ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి న్యూట్రల్‌లో ఆగుతున్నాను, నడిపేటప్పుడు పెడలు మీద కాలు ఆనించడం లేదు, గేరు తగ్గించేటప్పుడు యాక్సిలరేటర్‌ను కాస్త తొక్కి ఇంజన్ వేగాన్ని కలుపుతున్నాను. మొదటి 800 కిలోమీటర్లు నెమ్మదిగా నడపమన్నారు, అలాగే చేశాను. ఇంజన్‌ను రీమ్యాప్ చేయించాలనుకునేవారు (అంటే కంప్యూటర్ అమరికలు మార్చి బలం పెంచుకునేవారు) మాత్రం ముందు క్లచ్ గురించే ఆలోచించాలి, పెరిగిన టార్క్‌ను కంపెనీ క్లచ్ ఎంతకాలమైనా మోస్తుందని నమ్మడం పొరపాటు.

లోపాలూ ఉన్నాయి. రెండు రోజులన్న పని అయిదు రోజులు పట్టింది. 2019లో ఫియట్ కార్ల అమ్మకం మన దేశంలో ఆగిపోయినప్పటి నుంచి విడిభాగాలకు ఎదురుచూపులు తప్పడం లేదు కాబట్టి ఆలస్యాన్ని నేను తప్పుపట్టను గానీ, అది ముందే చెప్పి ఉంటే నేను బస్సు ప్రయాణానికి సిద్ధపడేవాడిని. బిల్లులో పనికూలీ, విడిభాగాలు విడివిడిగా రాశారు, పాత భాగాలను సంచిలో వేసి తిరిగి ఇచ్చారు. రాతపూర్వకమైన హామీ మాత్రం అడిగినా ఇవ్వలేదు. ఆ తరువాత సుంకి ఘాట్ నాలుగుసార్లు ఎక్కాను. మూడో గేరులో క్లచ్ గట్టిగా పట్టుకుంటోంది, పెడలు అదే ఎత్తులో అందుతోంది.