పసిబిడ్డ స్నానానికి నలుగుపిండా, బేబీ సబ్బా?

మా చెల్లెలికి మొన్న హన్మకొండలో కాన్పయింది. పాపను తీసుకుని తల్లిగారింటికి వచ్చిన రోజు నుంచి ఒకటే ప్రశ్న: "అక్కా, పిండి పెట్టాలా, సబ్బు పెట్టాలా?" పోయినేడాది మా ఆడబిడ్డ కూడా ఇదే అడిగింది. మా పెద్దోడికి పిండి, చిన్నదానికి సబ్బు వాడాను కాబట్టి రెండింటి సంగతీ చెప్పగలను.

నలుగుపిండి అంటే పెసరపిండి, శనగపిండి, చిటికెడు పసుపు. మనమే మర పట్టించుకున్నది, సెంటు వాసన లేనిది, ఒంటి నూనెను బాగా లాగేస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ పిండి రుద్దితేనే పనిచేస్తుంది. నా దృష్టిలో అసలు లెక్క అక్కడే తేలిపోతుంది. పసిబిడ్డ చర్మం పైపొర మనదానికంటే పలుచన. మెత్తగా పట్టించిన పిండిలోనూ సన్నటి గరుకు ఉంటుంది. మా పెద్దోడు పుట్టింది మే నెల ఎండల్లో. నీళ్లు పోసే అవ్వ చేయి ఎంతో నిమ్మళం, అయినా పదిహేను రోజులకే వాడి తొడల మీద ఎర్రటి చారలు తేలాయి. మెడ మడతలో మిగిలిన పిండి చెమటకు నాని అక్కడ చర్మం ఒరిసింది. డాక్టర్ ముందు పిండి ఆపమన్నారు. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది.

"పిండి పెట్టకుంటే నూగు ఎట్ల పోతది బిడ్డా?" అని అవ్వ అడిగింది. పుట్టుకతో వచ్చే ఆ నూగు కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోతుంది. చిన్నదానికి ఒక్కసారి కూడా పిండి పెట్టలేదు, దాని నూగూ పోయింది.

అలాగని సబ్బు గొప్పదేమీ కాదు. మామూలు సబ్బు బిళ్లల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 9, 10 దాకా ఉంటుంది. బిడ్డ చర్మం మాత్రం పుట్టిన కొన్ని వారాల్లో కాస్త ఆమ్ల గుణానికి, అంటే 5 చుట్టుపక్కలకు వస్తుంది. చర్మానికి కాపలా కాసేది ఆ ఆమ్ల గుణమే. అందుకే పైన బేబీ సోప్ అని రాసి ఉంటే చాలదు, పీహెచ్ 5.5 అని ఉన్నది, వాసన లేనిది తీసుకోవాలి. మా బోరు నీళ్లలాంటి ఉప్పు నీళ్లయితే సబ్బు తెట్టు ఒంటికే అంటుకుంటుంది. ఇంకో చెంబు ఎక్కువ పోసి బాగా కడగండి.

రెండింట్లో నా ఓటు సబ్బుకే, అదీ కొంచెం. వారానికి రెండు మూడు సార్లు, మడతలకూ ముడ్డికీ మాత్రమే. మిగతా రోజులు ఉత్త గోరువెచ్చని నీళ్లు చాలు. మోచేయి ముంచి చూసి, వేడి తెలియకపోతే సరిపోయినట్టు. ఐదు నిమిషాల్లో ముగించి వెంటనే తుడిచి, పొత్తిగుడ్డల్లో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టాలి. చలికాలమైతే మధ్యాహ్నం పోయండి.

దీనికంటే ముందు ఒక మాట. పుట్టగానే స్నానం వద్దు. కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటి మీది తెల్లటి జిగురు మురికి కాదు, బిడ్డకు రక్షణ. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బొడ్డు మీద పసుపు, నూనె ఏదీ పెట్టొద్దు. రెండున్నర కిలోలకు తక్కువ పుట్టిన బిడ్డకైతే డాక్టర్‌ను అడగకుండా స్నానం పోయొద్దు.

నూనెల్లో కొబ్బరినూనె మేలు. ఆవనూనె చర్మాన్ని మండిస్తుంది, వద్దు. ఆలివ్ నూనె ఖరీదే తప్ప కొబ్బరినూనెకంటే మంచిది కాదు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ముక్కులోకి ఊదడం అసలే వద్దు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పౌడర్, ఊదు పొగ రెండూ బిడ్డ ఊపిరికి మంచివి కావు.

చెల్లెలి దగ్గరికీ అదే అవ్వ వస్తోంది. పిండి మానేద్దామంటే మొదటి రోజు మొహం చిన్నబుచ్చుకుంది. "నూనె నువ్వే రాయి అవ్వా, నీ చేయి మాకెవరికీ రాదు" అన్నాను. ఇప్పుడు కొబ్బరినూనె గిన్నె తానే వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసుకుంటోంది, కాళ్ల మీద పడుకోబెట్టుకుని రాస్తుంటే పాప నిద్రపోతోంది.