పాత గీజర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

కార్తీకం మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకే ప్రశ్న తిరుగుతుంది. "గీజర్ పదేళ్లు దాటింది. నీళ్లు సరిగా కాగట్లేదు. మెకానిక్ కొత్తది కొనేయమంటున్నాడు. కొనేయమంటారా?" అసోసియేషన్‌లో రెండేళ్లు మెయింటెనెన్స్ పని చూసిన పాపానికి ఆ ప్రశ్న తిన్నగా నా దగ్గరికే వస్తుంది.

ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పుకొచ్చాను. ఈ ఏడు మా ఇంట్లోనే రెండు గీజర్లూ నెల తేడాలో మొరాయించాయి. రెండూ 2014లో హైదరాబాద్ నిజాంపేటలోని ఈ ఫ్లాట్‌లోకి వచ్చినప్పుడు ఒకే షాపులో, ఒకే రోజు కొన్నవి. ఒకే మోడల్, 25 లీటర్లవి. రెండింటికీ వచ్చేవి అవే బోరు నీళ్లు. అయినా ఒకదాన్ని బాగు చేయించాను, రెండోదాన్ని పీకి పారేశాను. అందుకే "ఎన్నేళ్లయింది?" అని మొదలయ్యే సలహాల మీద నాకిప్పుడు పెద్ద నమ్మకం లేదు.

ముందు బాగు చేయించిన దాని సంగతి. పిల్లల బాత్రూమ్‌లోది. ఆన్ చేసిన ప్రతిసారీ ఇల్లంతా కరెంటు పోవడం మొదలైంది, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ పడిపోతోంది. మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ చూసి, "ఆర్‌సీసీబీ వీకైంది సార్, గీజర్ లైను డైరెక్ట్ చేసేద్దాం" అన్నాడు. దండం పెట్టి పంపించాను. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే పడిపోవడమే దాని పని. అది పడుతోందంటే ఎక్కడో కరెంటు దారి తప్పుతోందని అర్థం. స్నానం చేసే నీళ్ల దగ్గర ఆ కాపలాని తీసేయడం కన్నా బకెట్‌లో రాడ్ పెట్టుకోవడం నయం.

రెండోసారి వచ్చిన గీజర్ మెకానిక్ నీళ్లు దించి, కింది ప్లేటు విప్పాడు. లోపల కాయిల్ కనపడలేదు. దాని చుట్టూ తెల్లటి పెచ్చులు, గుమ్మడి వడియాలు అతికించినట్టు. చేతితో గీకితే అర బకెట్ దాకా రాలాయి. "ఉప్పు పట్టేసింది సార్" అన్నాడు. మన వైపు అందరూ ఉప్పు అంటారు గానీ అది ఎక్కువగా సున్నం, బోరు నీళ్లలోని కాల్షియం వేడికి గడ్డకట్టి పేరుకున్నది. ఆ పొర అడ్డుపడితే కాయిల్ వేడి నీళ్లకి త్వరగా అందదు, కాయిలే మాడుతుంది. దాని పైతొడుగు పగులుతుంది, లోపలి కరెంటు నీళ్లలోకి వస్తుంది. ఆన్ చేసిన కాసేపటికి గీజర్‌లోంచి పప్పు ఉడుకుతున్నట్టు చిటపటలు వినిపిస్తుంటే మీ దాంట్లోనూ ఈ కథ నడుస్తోందనే.

కొత్త కాయిల్, గాస్కెట్ (ప్లేటు అంచున నీళ్లు కారకుండా పెట్టే రబ్బరు), ట్యాంకుకి తుప్పు పట్టకుండా కాపాడే యానోడ్ రాడ్ ఒకటి, మజూరీ కలిపి రెండు వేల మూడు వందలైంది. అదే 25 లీటర్ల కొత్త గీజరైతే బిగింపుతో కలిపి పది వేలకి అటూఇటూ.

రెండోది మా బెడ్‌రూమ్ బాత్రూమ్‌లోది. పదకొండేళ్లలో ఒక్క రోజు కూడా సతాయించలేదు. బుద్ధిమంతురాలు అని ఇంట్లో మెచ్చుకునేవాళ్లం. ఒక వారం వేడి నీళ్లు మాత్రమే కొంచెం ఎర్రగా వచ్చాయి. చన్నీళ్ల కుళాయి తేటగానే ఉంది కాబట్టి పై ట్యాంకుదీ పైపులదీ తప్పు కాదు. తర్వాతి వారం గీజర్ కింది కవరు అంచు నుంచి చుక్కలు, గోడ మీద తుప్పు చార. విప్పి చూస్తే ట్యాంకుకే కన్నం.

ఒకే నీళ్లు, ఒకే వయసు. మరి ఒక ట్యాంకు గట్టిగా ఉండి రెండోది ఎందుకు పోయింది? పాత బిల్లులు తిరగేస్తే దొరికింది. పిల్లల బాత్రూమ్ గీజర్ 2018లో ఒకసారి, 2021లో ఒకసారి పాడైంది. విప్పిన ప్రతిసారీ మెకానిక్ పనిలో పనిగా యానోడ్ రాడ్ మార్చేశాడు. మా బెడ్‌రూమ్‌ది ఎప్పుడూ పాడవలేదు, అందుకే ఎవరూ విప్పలేదు. దాని యానోడ్ పట్టుకుని లాగితే సన్నటి తీగ మాత్రం చేతికొచ్చింది. చుట్టూ ఉండాల్సిన మెగ్నీషియం ఎప్పుడో కరిగిపోయింది. అస్తమానం రిపేరుకొచ్చిందే బతికింది.

నా మటుకు నాకు ఈ ప్రశ్నలో తేల్చాల్సింది ఈ ఒక్క రాడ్ దగ్గరే ఉంది. చాలా గీజర్లలో ట్యాంకు ఇనుపదే, లోపల గాజు పూత ఉంటుంది. పూతలో ఎక్కడో కంటికి కనపడని పగుళ్లు తప్పవు. అక్కడ నీళ్లు ఇనుమును తినకుండా, ముందు తననే తినమని మెగ్నీషియం రాడ్ పెడతారు. అది ఉన్నన్నాళ్లు ట్యాంకు జోలికి తుప్పు రాదు. అది అయిపోయాక లెక్క మొదలవుతుంది. మాలాంటి బోరు నీళ్లకైతే రెండేళ్లకోసారి విప్పి చూడాలి. బోరు కాకుండా కుళాయిల్లో మంజీరా, కృష్ణా నది నీళ్లు మాత్రమే వచ్చే అదృష్టవంతులకి ఇంకొంచెం ఎక్కువ కాలం నడుస్తుంది. ఇంటికి సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నాం, ఇక భయం లేదనుకునే వాళ్లకో మాట: సాఫ్ట్‌నర్ నీళ్లలో సున్నం పట్టదు, యానోడ్ మాత్రం ఇంకా తొందరగా కరుగుతుంది.

కాబట్టి ఎవరడిగినా ఇప్పుడు నేను చెప్పేది ఇదే: ఏదీ నిర్ణయించుకోకముందు కింది ప్లేటు విప్పించి రాడ్ బయటికి తీయించండి. మీరు దగ్గరుండి చూడండి. రాడ్ సగమైనా మిగిలి ఉండి, టార్చ్ వేస్తే ట్యాంకు లోపల తుప్పు మరకలు లేకపోతే, దానికి పదేళ్లున్నా పన్నెండేళ్లున్నా బాగు చేయించుకోండి. కాయిల్, థర్మోస్టాట్, కటౌట్ (వేడి హద్దు దాటితే కరెంటు ఆపేది), గాస్కెట్, వాల్వు ఏది పోయినా మార్చుకోవచ్చు. రాడ్ తీగైపోయి, వేడి నీళ్లు ఎర్రగా వస్తుంటే కొత్త కాయిల్ మీద పెట్టే డబ్బులు బూడిదలో పోసిన పన్నీరే. మధ్యస్థంగా ఉంటే, అంటే రాడ్ అయిపోయింది గానీ ట్యాంకు ఇంకా కారట్లేదు, అలాంటప్పుడు నేనైతే చవగ్గా అయ్యే రిపేరు వరకే చేయిస్తాను. థర్మోస్టాట్ వరకు సరే, అంతకు మించి వద్దు.

ట్యాంకు కారితే మాత్రం మందు లేదు. మా అమ్మమ్మగారి పెరట్లో రాగి బాయిలర్ ఉండేది, మధ్య గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. కారిందంటే మాటు వేయించి మళ్లీ భోగికి సిద్ధం చేసేవారు. అది రాగి, పైగా మూత తెరిచి ఉండే పాత్ర. గీజర్ ట్యాంకు అలా కాదు. బయట వెల్డింగ్ పెడితే లోపల గాజు పూత కాలిపోతుంది. ఎపాక్సీ పూస్తే ప్రెషర్‌కి నాలుగు రోజుల్లో ఊడుతుంది.

ఇక్కడ చాలామంది కంగారుపడే సంగతి ఇంకొకటి ఉంది. కారే ప్రతి చుక్కా ట్యాంకుది కాదు. గీజర్ కాగుతున్నప్పుడు కింద, ఎక్కువైన ప్రెషర్‌ని బయటికి వదిలే వాల్వు దగ్గర నాలుగు చుక్కలు పడటం సహజం. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 దాకా కాగితే మూడో వంతు లీటరు దాకా వ్యాకోచిస్తాయి. వచ్చిన దారిలో వెనక్కి పోనివ్వకుండా వాల్వు అడ్డుంటే ఆ ఎక్కువ నీళ్లు ఎక్కడికి పోవాలి? మా పై అంతస్తులో ఒకాయన చుక్కలు చిరాకని ఆ వాల్వు మూతికి ఎండ్ క్యాప్ బిగించేశాడు. చూసిన రోజు నాకు చెమటలు పట్టాయి. థర్మోస్టాట్, కటౌట్ రెండూ ఫెయిలైన రోజున ట్యాంకు పేలకుండా ఆపేది ఆ చిన్న వాల్వే. దాని కింద గ్లాసు పెట్టుకోండి, మూయకండి. ఆగకుండా, గీజర్ ఆఫ్‌లో ఉన్నా కారుతుంటే వాల్వు మార్చాలి, అదీ కొన్ని వందల పని. ప్లేటు అంచు నుంచి కారితే గాస్కెట్. పైపుల బిగింపు దగ్గరైతే టేపు చుట్టి మళ్లీ బిగిస్తే చాలు. ఇవన్నీ చూశాక కూడా కవరు లోపలి నుంచి, ఫోమ్ తడిసి కారుతుంటే అప్పుడు ట్యాంకు.

షాపులో వినిపించే మాట ఒకటుంది: "పాత గీజర్ కరెంటు తాగేస్తుంది సార్, ఫైవ్ స్టార్ తీసుకుంటే బిల్లులో కలిసొస్తుంది." సగమే నిజం. 25 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు ఒక యూనిట్ పడుతుంది. 2014 గీజరైనా, నిన్న కొన్నదైనా అంతే. నీళ్లు కాచడంలో పెద్ద తేడా రాదు. స్టార్లు కొలిచేది కాగిన నీళ్లు ట్యాంకులో ఊరికే ఉన్నప్పుడు రోజుకి ఎంత వేడి పోతుందన్నది. రోజంతా ఆన్‌లో వదిలేసే ఇంట్లో ఆ తేడా బిల్లులో కనపడుతుంది. మన ఇళ్లలో స్నానానికి అరగంట ముందు వేసి, బయటికి రాగానే "గీజర్ ఆపారా?" అని అరిచే అమ్మలున్నంత కాలం స్టార్ల పేరు చెప్పి మంచి ట్యాంకును పారేయనక్కర్లేదు. కొత్తది ఎలాగూ కొంటున్నప్పుడు ఐదు స్టార్లది తీసుకోండి, అంతవరకు బాగానే ఉంది.

అలాగని రిపేరే గొప్పదని పట్టుబట్టను. ట్యాంకు బాగున్నా మార్చేయాల్సిన సందర్భాలు చూశాను. మా బ్లాకులో ప్రెషర్ పంపు పెట్టాక పై ఫ్లాట్లలో రెండు పాత గీజర్లు వరసగా కారాయి. వాటి మీద రాసి ఉన్న ప్రెషర్ రేటింగ్ ఎవరూ చూసుకోలేదు. ఎత్తైన అపార్ట్‌మెంట్లకి ఎనిమిది బార్ల ప్రెషర్ తట్టుకునేది కావాలి. మోడల్ ఆపేసి ప్లేటు, కాయిల్ దొరకనప్పుడు "ఇది సెట్ అవుతుంది" అని ఇంకోదాని కాయిల్ బిగించే పని కూడా వద్దు. కుళాయి ముట్టుకుంటే జిల్లుమన్న ఇంట్లోనైతే ముందు ఎర్తింగ్ చూపించాలి. అది బాగుండి, కాయిల్ మార్చాక కూడా ఆర్‌సీసీబీ పడుతుంటే ఇంకో మెకానిక్‌ని వెతక్కుండా గీజర్ మార్చేయడమే. ఏడాదిలో రెండోసారి పెద్ద రిపేరు వస్తే నేనూ ఆగిపోతాను.

మిగతావి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ వంటింటి సింకుకి బాగుంటుంది. డిసెంబర్‌లో బకెట్ స్నానానికి సరిపోదు. గ్యాస్ గీజర్ కిటికీ లేని బాత్రూమ్‌లో వద్దే వద్దు, దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. సోలార్ సొంత ఇల్లు, సొంత డాబా ఉన్నవాళ్లకి, నీళ్లు మంచివైతే.

ఇక నేను కొన్నది. స్టీలు ట్యాంకు మీద మనసు పోయింది. కానీ మా బోరు నీళ్లలో క్లోరైడ్ ఎక్కువ, మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుకి అతుకుల దగ్గర అది పడదు. అందుకని మళ్లీ గాజు పూత ట్యాంకే, లావు యానోడ్ ఉన్నది తీసుకున్నాను. వారంటీ కార్డులో ట్యాంకుకి వేరు, కాయిల్‌కి వేరు, మొత్తం గీజర్‌కి వేరు ఏళ్లు ఉంటాయి. ట్యాంకు వరుస ఒక్కటే చదివాను. కింద చిన్న అక్షరాల్లో నీళ్ల కాఠిన్యం ఇంతకు మించితే వర్తించదని ఉందేమో కూడా చూసుకోండి. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ అంటుంది. మా బోరు 480. థర్మోస్టాట్ 50 దగ్గర పెట్టాను. వేడి తగ్గితే సున్నం కూడా తక్కువ పడుతుంది, చలికాలానికి ఆ వేడి చాలు.

బిగించాక మెకానిక్‌ని మార్కర్ అడిగి, గీజర్ పొట్ట మీద "రాడ్: 2027 దసరా" అని రాశాను. మా ఆవిడ చూసి, కొత్త గీజర్ మీద ఆ రాతలేంటని విసుక్కుంది. పక్క బాత్రూమ్‌లో పాతదాని మీద కూడా అదే తేదీ రాసి వచ్చాను.