టైటిల్ బ్లాక్ నింపడానికి సాలిడ్‌వర్క్స్ ప్రాపర్టీ ట్యాబ్ బిల్డర్ – ఒక టూల్ రూమ్ డిజైనర్ రివ్యూ

బాలానగర్‌లో సాలిడ్‌వర్క్స్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో జిగ్గులు, ఫిక్స్చర్లు (మెషీన్ మీద పార్టును సరైన చోట పట్టి ఉంచే సాధనాలు) డిజైన్ చేస్తాను. మిల్లింగ్ ఆపరేటర్ కంప్యూటర్‌లోని మోడల్ చూడడు, చేతికొచ్చిన డ్రాయింగ్ ప్రింటే చూస్తాడు. టైటిల్ బ్లాక్‌లో, అంటే డ్రాయింగ్ మూలన పేరు, మెటీరియల్, బరువు రాసే గళ్ళ పట్టికలో, ఈఎన్8 (ఒక స్టీల్ గ్రేడు) అని ఉంటే ఈఎన్8 బారే కోయిస్తాడు. అందుకే ఆ చిన్న గళ్ళ మీద నాకు ఇంత పట్టింపు.

చాలా ఆఫీసుల్లో పాత డ్రాయింగ్‌ని కాపీ చేసి, టైటిల్ బ్లాక్ మీద డబుల్ క్లిక్ కొట్టి పేరు మారుస్తారు. బరువు మాత్రం పాతదే ఉండిపోతుంది. ప్రాపర్టీ ట్యాబ్ బిల్డర్ ఆ అలవాటును మాన్పిస్తుంది. ప్రాపర్టీ అంటే పార్ట్ నంబరు, మెటీరియల్ లాంటి, ఫైల్‌లోనే దాచుకునే వివరం. సాలిడ్‌వర్క్స్‌తోనే వచ్చే ఈ టూల్‌తో మనకు కావలసిన ఫారం మనమే కట్టుకోవచ్చు: టెక్స్ట్ బాక్సు, లిస్టు, టిక్ బాక్సు, రేడియో బటన్లు. పార్ట్‌కి, అసెంబ్లీకి, డ్రాయింగ్‌కి వేరువేరు ఫారాలు. వాటిని నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి, ప్రతి సిస్టంలో సాలిడ్‌వర్క్స్ సెట్టింగుల్లోని ఫైల్ లొకేషన్స్ దగ్గర ఆ దారి చూపిస్తే అందరి టాస్క్ పేన్‌లోనూ (తెర పక్కనుండే పట్టీలో) అదే ఫారం కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది ఒక గడిని ఇంకో గడికి ముడిపెట్టే వీలు. 'హీట్ ట్రీట్‌మెంట్' అని టిక్ బాక్సు పెట్టాను. టిక్ కొడితేనే హార్డ్‌నెస్ గడి తెరుచుకుంటుంది. మైల్డ్ స్టీల్ ప్లేటుకి హార్డ్‌నెస్ అడగదు, ఓహెచ్ఎన్ఎస్ (గట్టిపరిచే టూల్ స్టీల్) లొకేటర్‌కి అడుగుతుంది. గీసినవాళ్ళ పేర్ల లిస్టు ఒక టెక్స్ట్ ఫైల్ నుంచి వస్తుంది. కొత్తవాళ్ళు చేరితే నోట్‌ప్యాడ్‌లో ఒక లైను చేరిస్తే చాలు.

మెటీరియల్‌కి మాత్రం లిస్టు పెట్టకండి. లిస్టులో ఎంచుకున్నది ఉత్తి అక్షరమే, మోడల్ డెన్సిటీ మారదు. మోడల్‌కి నిజంగా వేసిన మెటీరియల్‌కీ మాస్‌కీ లింకు ఇస్తే పేరు, బరువు ఒకేచోటి నుంచి వస్తాయి, ప్లేటు మందం మార్చినప్పుడు బరువూ మారుతుంది. దీనికోసం ముందు మన గ్రేడులతో ఒక మెటీరియల్ లైబ్రరీ తయారుచేసుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ చేసితీరాలి.

షీట్ ఫార్మాట్‌లో, అంటే టైటిల్ బ్లాక్ ఉండే డ్రాయింగ్ మూసలో, నోట్లకు (గళ్ళలోని అక్షరాలకు) లింకులు ఇచ్చేటప్పుడు పార్ట్ నంబరు, మెటీరియల్ మోడల్ ఫైల్ నుంచి రావాలి. గీసినవారు, చెక్ చేసినవారు డ్రాయింగ్ ఫైల్ నుంచి. ప్రాపర్టీ పేరు ఫారంలో 'పార్ట్ నంబర్' అనీ నోట్‌లో 'పార్ట్ నెం' అనీ ఉంటే గడి ఖాళీగానే వస్తుంది. ఇక ప్రతి గడికీ విలువ మొత్తం ఫైల్‌కి వర్తించే కస్టమ్ ట్యాబ్‌లోకి పోవాలా, కాన్ఫిగరేషన్‌లోకా (ఒకే ఫైల్‌లోని ఒక్కో రూపానికి) అన్నది మనమే చెప్పాలి. రెండుచోట్లా ఒకే ప్రాపర్టీ ఉంటే డ్రాయింగ్ కాన్ఫిగరేషన్ విలువనే పట్టుకుంటుంది. ఎడమ, కుడి చేతి బ్రాకెట్లను ఒకే ఫైల్‌లో గీసేవాళ్ళకు ఇది ప్రాణం. పార్ట్ నంబరు కాన్ఫిగరేషన్‌లోకీ, కస్టమర్ పేరు కస్టమ్‌లోకీ పంపండి.

నింపాక అప్లై నొక్కాలి. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట అదే.

లోటు కూడా ఉంది. ఈ ఫారం తెరిచి ఉన్న ఫైల్ మీద, లేదా తెరిచిన అసెంబ్లీలో ఎంచుకున్న పార్టుల మీదే పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న పాత పార్టులను ఒక్క దెబ్బతో సరిచేయదు. వాటికి మాక్రో (పనిని దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రాం) రాయించుకోవచ్చు, లేదా రివిజన్‌కి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ నింపుకుంటూ పోవచ్చు. మేము రెండో దారే పట్టాం.