లుహ్యా పల్లె కామెడీ: నైరోబీ సెట్టా, ఊరి వాకిలా? ఏది మేలు?

పశ్చిమ కెన్యాలోని లుహ్యా జనం మీద కామెడీ సిరీస్ తీయాలన్నా, చూడ్డానికి ఒకటి ఎంచుకోవాలన్నా ముందు తేలాల్సింది కథ ఎక్కడ నడవాలన్నది. నైరోబీలో బతికే లుహ్యా మనిషి చుట్టూ, ఊరి యాస కలిపిన స్వాహిలిలో నడిచే టీవీ సిరీస్ ఒక దారి. కాకమెగా, బుంగోమా, విహిగా, బుసియా కౌంటీల్లో ఏదో ఒక ఊళ్లో, అక్కడి భాషలోనే తీసి యూట్యూబ్‌లో పెట్టేది ఇంకో దారి. నా ఓటు రెండోదానికే. అలాగని మొదటిదాన్ని తీసిపారేయలేం.

మొదటి దారికి పేరున్న ఉదాహరణ సిటిజన్ టీవీలో ఏళ్ల తరబడి వచ్చిన ‘పాపా షిరాండులా’. హీరో వాచ్‌మన్. భార్య దగ్గర మాత్రం ఆఫీసు ఉద్యోగమని బిల్డప్ ఇస్తాడు. ఆ పాత్ర వేసిన చార్లెస్ బుకెకో 2020 జూలైలో చనిపోయినప్పుడు బాధపడింది లుహ్యా వాళ్లు ఒక్కరే కాదు. చేసే పని దాచి గొప్పలు చెప్పుకునే మొగుడు ఏ తెగలోనైనా ఉంటాడు కాబట్టి కికుయు ఇంట్లోనూ, లువో ఇంట్లోనూ నవ్వారు. స్వాహిలిలో తీస్తే దేశమంతా చూస్తుంది, యాడ్స్ వస్తాయి, నటులకు జీతాలు అందుతాయి. ఇది చిన్న విషయం కాదు.

చిక్కంతా యాసతోనే. కెన్యా కామెడీలో వాచ్‌మన్, వంటవాడు, పనిమనిషి అనగానే లుహ్యా యాస తగిలించడం పాత అలవాటు. గకారం కకారంలా వినిపిస్తే చాలు, జోకు అయిపోయినట్టే. తెలుగు సినిమాలో తెలంగాణ యాసను చాలాకాలం రౌడీలకూ కమెడియన్లకూ మాత్రమే అంటగట్టిన సంగతి మనకు కొత్త కాదు కదా! యాస మీద నవ్వు మొదటి నాలుగు ఎపిసోడ్లకు సరిపోతుంది. ఆ తర్వాత కథ కావాలి. ఆ కథ నైరోబీ సెట్లో కన్నా ఊళ్లోనే ఎక్కువ దొరుకుతుంది.

బుకుసు వాళ్ల సున్తీ పండగనే తీసుకోండి. లుహ్యాలో పెద్ద ఉపతెగల్లో ఒకటైన వీళ్లు సరి సంవత్సరాల ఆగస్టులో మగపిల్లలకు ఈ వేడుక చేస్తారు. కుర్రాడు చేతుల్లో గంటలు మోగించుకుంటూ చుట్టాలందరినీ పిలిచి వస్తాడు. మేనమామ ఇంటికి వెళ్తే ఆయన పశువును కోసి, మాంసం ముక్కను అతని మెడలో వేసి పంపాలి. తెల్లవారుజామున ఏటి ఒడ్డున ఒంటికి బురద పూసుకుని జనం ముందు రెప్ప వాల్చకుండా నిలబడాలి. ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లి ఆ పని ముగించేస్తున్నారు. ఇక్కడే ఆరు ఎపిసోడ్ల కథ ఉంది. తాత ఏటి ఒడ్డు అంటాడు, తల్లి ఆసుపత్రి అంటుంది, తండ్రి ఇద్దరికీ సరేనంటాడు. మేనమామేమో తన చెల్లెలి పెళ్లప్పుడు కన్యాశుల్కంగా రావాల్సిన ఆవుల్లో రెండు ఇంకా రాలేదని ఇప్పుడు గుర్తు చేస్తాడు. మేనమామ అలక అంటే ఏమిటో తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు. బావ ఆ ఆవుల లెక్క ఎం-పెసాలో, అంటే ఫోన్‌తో డబ్బు పంపే పద్ధతిలో, పంపిస్తానంటే, ఫోన్ పాలివ్వదు కదా అని మామ అడుగుతాడు. ఇదే గొడవను నైరోబీ ఫ్లాట్‌లో పెడితే ఫోన్లో అరుపులుగా మిగులుతుంది. ఆవులు లేవు, ఏరు లేదు, చూడ్డానికి వచ్చిన ఊరూ లేదు.

తిండి సంగతీ అంతే. లుహ్యాలకు కోడి అంటే ప్రాణమని కెన్యా అంతా జోకులేస్తుంది. నైరోబీ సిరీస్ ఆ జోకు దగ్గరే ఆగుతుంది. ఊళ్లో తీస్తే కందనకాయ ఎవరి కంచంలో పడాలన్న రాజకీయం కూడా వస్తుంది. సంప్రదాయంగా అది ఇంటి పెద్ద మగవాడికి. డిసెంబర్ సెలవులకు పట్నం నుంచి వచ్చిన కోడలు చూసుకోకుండా దాన్ని కొడుక్కి వడ్డించిందనుకోండి, ఆ పూటకి సీను రాసుకోవాల్సిన పనే లేదు.

రెండో దారికి ఉన్న అసలు కష్టం భాష. లుహ్యా అనేది ఒక్క భాష కాదు, పద్దెనిమిదికి దగ్గరగా ఉపతెగల మాటలు. బుంగోమాలో మాట్లాడే బుకుసు, విహిగాలోని మరగోలి వాళ్లకు సరిగ్గా అర్థం కాదు. అందరికీ అర్థం కావాలని కలగూరగంప లుహ్యా తయారుచేస్తే అది ఎవరి ఇంటి మాటా కాదు. ఒకే మాండలికం తీసుకోవాలి, కింద స్వాహిలి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయాలి. పెద్దవాళ్లు బుకుసులో, నైరోబీ నుంచి వచ్చిన పిల్లలు స్వాహిలి, ఇంగ్లీషు కలగలిసిన షెంగ్ అనే కుర్రకారు భాషలో మాట్లాడితే ఆ తేడాలోంచే నవ్వు పుడుతుంది. అప్పుడు వెక్కిరింత యాస మీద ఉండదు, ఒకరి మాట ఇంకొకరికి అందకపోవడం మీద ఉంటుంది.

డబ్బు దగ్గర మాత్రం రెండో దారి ఓడిపోతుంది. ఊరి యూట్యూబ్ సిరీస్‌కు టీవీ స్థాయి బడ్జెట్ రాదు.

ఊళ్లో తీసినంత మాత్రాన ప్రతి ఆచారాన్నీ కామెడీ చేయొచ్చనీ కాదు. లుహ్యాలోనే ఇంకో ఉపతెగ తిరికి వాళ్ల దీక్షా కర్మ గుట్టుగా జరిగేది, దాన్ని కెమెరా ముందుకు లాగడం నాకు నచ్చదు. ఇసుకుటి మాత్రం బయటి పండగే. పెద్దది, మధ్యది, చిన్నది, అంటే తండ్రి, తల్లి, బిడ్డ అనే మూడు డోళ్లతో ఇసుఖా, ఇదాఖో ఉపతెగల వాళ్లు ఆడే ఆట ఇది. 2014లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడాల్సిన కళల జాబితాలో చేర్చింది. పుట్టుకకూ, పెళ్లికీ, చావుకూ మోగే డోలు కాబట్టి ఏ ఎపిసోడ్‌లోనైనా ఇమిడిపోతుంది. వీళ్ల ఎద్దుల పోటీలూ అంతే. అక్కడ ఎద్దుతో ఎద్దే తలపడుతుంది, మనిషి బరిలోకి దిగడు. ఓడిన ఎద్దు యజమాని ముఖం చూపిస్తే చాలు, డైలాగు అక్కర్లేదు.

కాబట్టి పని అలసటతో ఇంటికొచ్చి అరగంట నవ్వుకుంటే చాలనుకునేవాళ్లకు నైరోబీ రకమే సుఖం. లుహ్యా ఇల్లు లోపల ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లకు ఊరి రకం. తీసేవాళ్లకైతే నా సలహా ఒకటే. స్టూడియో బుక్ చేయకండి. బుంగోమా వైపు ఒక ఊరిపెద్దను పట్టుకుని, ఏ ఇంటి పండగ తీయొచ్చో ముందే ఒప్పించుకుని, సరి సంవత్సరం ఆగస్టుకు కెమెరాలతో దిగండి. ఆ నెల దాటిందంటే ఇంకో రెండేళ్లు ఆగాల్సిందే.