రాకెట్ టికెట్టా, జీరో-జీ విమానమా, శ్రీహరికోట గ్యాలరీయా: మనకి ఏది మేలు?

2025లో పాలకొల్లు అమ్మాయి దంగేటి జాహ్నవి పేరు పేపర్లలో వచ్చినప్పటి నుంచి మా వైపు అంతరిక్షం కబుర్లు ఎక్కువయ్యాయి. టైటాన్స్ స్పేస్ అనే అమెరికా కంపెనీ 2029లో తలపెట్టిన యాత్రకు ఆమెను ఎంపిక చేసిందని వార్త. ఆ కంపెనీ ఇంకా ఎవరినీ పైకి తీసుకెళ్లలేదు, ఆ సంగతి వేరే. "మరి మనబోటోళ్లకి ఎంతవుద్దండీ?" అనే ప్రశ్న మాత్రం భీమవరం నుంచి అమలాపురం దాకా ప్రతి టీ కొట్టుకీ చేరిపోయింది.

ఎంతవుతుందో చెప్పేముందు, దేనికి వెళ్లాలనుకుంటున్నారో అడగాలి. ఆకాశం నల్లగా, భూమి అంచు వంపు తిరిగి కనబడాలా? ఒంట్లో బరువు లేకుండా గాల్లో తేలాలా? రాకెట్ లేస్తుంటే కళ్లారా చూడాలా? లేక పెళ్లిళ్లలో "మా బావగారు అంతరిక్షానికి వెళ్లొచ్చారు" అని పరిచయం చేయించుకోవాలా? ఆఖరిది తప్పేం కాదు. మా వైపు పెద్ద కారు కొనేది కూడా సగం అందుకే. కాకపోతే ఒక్కో కోరికకీ దారి వేరు, ధర వేరు.

ముందు అందరికీ తెలిసిన, అలా పైకెళ్లి ఇలా దిగిపోయే రాకెట్ ప్రయాణం చూద్దాం. ఇందులో ఇప్పటిదాకా జనాన్ని తీసుకెళ్లినవి ముఖ్యంగా రెండు కంపెనీలు: బ్లూ ఆరిజిన్, వర్జిన్ గెలాక్టిక్. రెండిట్లోనూ మన తెలుగువాళ్లు వెళ్లారు. 2021 జులై 11న శిరీష బండ్ల వర్జిన్ నౌకలో, ఆ కంపెనీ ఉద్యోగిగా వెళ్లింది. విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ క్యాప్సూల్‌లో వెళ్లి, భారతీయుల్లో మొదటి అంతరిక్ష పర్యాటకుడు అనిపించుకున్నాడు.

బ్లూ ఆరిజిన్ వాళ్ల న్యూ షెపర్డ్ రాకెట్ టెక్సస్ ఎడారిలో నిట్టనిలువుగా లేస్తుంది. పైన ఉన్న క్యాప్సూల్, అంటే మనుషులు కూర్చునే గది, విడిపోయి 100 కిలోమీటర్లు దాటుతుంది. లోపలివాళ్లు బెల్టులు విప్పుకుని మూడు నాలుగు నిమిషాలు తేలతారు. తర్వాత మూడు పారాచూట్లతో అదే ఎడారిలో దిగిపోతారు. మొత్తం కలిపి పది, పదకొండు నిమిషాలు. ఈ లెక్క చెబితే నరసాపురం రేవులో ఒక పెద్దాయన, "ఆయ్, పంటి మీద సఖినేటిపల్లి దాటడానికే అంతకన్నా ఎక్కువసేపు పడద్ది కదండీ" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

వర్జిన్ పద్ధతి వేరు. నౌకని ఒక పెద్ద విమానానికి తగిలించి సుమారు 45,000 అడుగుల ఎత్తుకి తీసుకెళ్లి వదిలేస్తారు. అక్కడి నుంచి దాని రాకెట్ ఇంజిన్ ఒక నిమిషం మండి, 85 కిలోమీటర్లు దాటిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు గ్లైడర్‌లా జారుకుంటూ రన్‌వే మీద దిగుతుంది. ప్రయాణం గంటకి పైనే, కానీ తేలేది ఇక్కడా కొద్ది నిమిషాలే. అమెరికా లెక్కలో 80 కిలోమీటర్లు దాటితే అంతరిక్షమే. ప్రపంచంలో చాలామంది పట్టుకునే గీత మాత్రం 100. పేరు కోసం వెళ్లేవాళ్లకి ఈ తేడా పట్టింపే. ఎవడో ఒకడు "నువ్వెళ్లింది గీత కిందకే కదా" అనకుండా ఉండడు.

భద్రత మాటకొస్తే నా ఓటు బ్లూ ఆరిజిన్‌కే. రాకెట్ మధ్యలో మొరాయిస్తే క్యాప్సూల్‌ని దూరంగా లాగేసే ఏర్పాటు అందులో ఉంది. అది కాగితం మీద మాట కాదు. 2022 సెప్టెంబరులో మనుషులు లేని ప్రయోగంలో రాకెట్ చెడిపోతే, క్యాప్సూల్ విడిపోయి క్షేమంగా దిగింది. ఆ తర్వాత మళ్లీ మనుషులతో వెళ్లిన మొదటి ప్రయాణం గోపీచంద్‌దే. అందులోనూ మూడు పారాచూట్లలో ఒకటి సరిగ్గా విచ్చుకోలేదు. మిగిలిన రెండిటితో ఇబ్బంది లేకుండా నేలకి చేరారు. వర్జిన్‌కి 2014 అక్టోబరు 31న పరీక్ష సమయంలో నౌక గాల్లోనే విరిగిపోయి ఒక పైలట్ చనిపోయాడు. ఏ కంపెనీ అయినా, ఎక్కేముందు "ఇందులో ప్రాణాపాయం ఉందని తెలిసే వెళ్తున్నాను" అని సంతకం పెట్టించుకుంటుంది. మామూలు విమానాలకి ఉన్నట్టు వీటి భద్రతకి అమెరికా ప్రభుత్వం సర్టిఫికెట్ ఇవ్వదు.

వయసు మాత్రం అడ్డం కాదు. 2021లో వాలీ ఫంక్ 82 ఏళ్లకి వెళ్లింది. గోపీచంద్‌తో పాటు వెళ్లిన ఎడ్ డ్వైట్‌కి 90. బ్లూ ఆరిజిన్ అడిగేదల్లా 18 ఏళ్లు నిండాలి, ఎత్తు అయిదడుగులకి తగ్గకూడదు, బరువు సుమారు 50 నుంచి 101 కిలోల మధ్య ఉండాలి, టవర్ మెట్లు ఏడంతస్తులు నిమిషంన్నరలో ఎక్కాలి. మా కొబ్బరి దింపు కార్మికులైతే నవ్వుతూ ఎక్కేస్తారు. మధ్యాహ్నం భోజనం చేసి గట్టు మీద మంచం వేసుకునే ఆసాములు కాస్త ప్రాక్టీసు చేయాలి.

ఇక డబ్బు. వర్జిన్ టికెట్ మొదట్లో 2 లక్షల డాలర్లు. 2021లో నాలుగున్నర లక్షలైంది, తర్వాత 6 లక్షలకి చేరింది. అంటే మన లెక్కలో అయిదు కోట్ల పైమాటే. బ్లూ ఆరిజిన్ ధర బయటికి చెప్పదు, దరఖాస్తుతో పాటు లక్షన్నర డాలర్లు డిపాజిట్ మాత్రం అడిగేది. మొదటి ప్రయాణంలో ఒక సీటు వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది. రొయ్యలకి మంచి కౌంట్ వచ్చి, రేటూ కలిసొచ్చిన ఏడాది ఇంత ఖర్చు తట్టుకోగల రైతులు మా డెల్టాలో లేకపోలేదు. వాళ్లు కూడా ఒక సంగతి చూసుకోవాలి: రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇక్కడుండే మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకి పంపగలిగేది రెండున్నర లక్షల డాలర్లే. 6 లక్షల టికెట్ కొనాలంటే మూడు ఆర్థిక సంవత్సరాల్లో విడతలుగా కట్టాలి. పంపేటప్పుడు బ్యాంకు టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోస్తుంది. రిటర్ను వేసినప్పుడు అది పన్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ సొమ్ము చేతిలో ఉండదు. చెరువుకి మేత అప్పుగా తెచ్చేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఆడిటర్‌ని అడగకుండా అడ్వాన్సు కట్టొద్దు.

ఇంత చేసినా వెంటనే ఎగురుతామా అంటే, అదీ లేదు. వర్జిన్ తన పాత నౌక యూనిటీని 2024 జూన్ ప్రయాణంతో పక్కన పెట్టి, డెల్టా అనే కొత్త నౌకల తయారీలో పడింది. బ్లూ ఆరిజిన్ 2026 జనవరిలో, చంద్రుడి పనుల మీద దృష్టి పెట్టడానికి న్యూ షెపర్డ్‌ని కనీసం రెండేళ్లు ఆపుతున్నామని ప్రకటించింది. అందుకే డబ్బున్న స్నేహితులకి నేను చెప్పేది: ఇప్పుడు తొందరపడి క్యూలో నిలబడొద్దు.

అసలు కక్ష్యలోకి, అంటే రోజుల తరబడి భూమి చుట్టూ తిరిగే ప్రయాణానికి ఎంత అని కొందరు అడుగుతారు. 2001లో డెనిస్ టీటో అనే అమెరికన్ రష్యా సోయుజ్ నౌకలో వెళ్లి సుమారు ఎనిమిది రోజులుండి రావడానికి 2 కోట్ల డాలర్లు ఇచ్చాడని అప్పట్లో చెప్పుకున్నారు. 2022లో ఆక్సియం అనే అమెరికా కంపెనీ యాత్రలో సీటుకి 5.5 కోట్ల డాలర్లన్నారు. మన శుభాంశు శుక్లా 2025లో వెళ్లింది కూడా ఆక్సియం ద్వారానే, ఖర్చు మన ప్రభుత్వానిది. ఇది మన బేరం కాదు, వదిలేద్దాం. "మామూలు మనుషులు వెళ్లారు" అని చెప్పుకున్న 2021 ఇన్‌స్పిరేషన్-4 యాత్రకి కూడా డబ్బు పెట్టింది ఒక కోటీశ్వరుడే. వర్జిన్‌లో 2023లో వెళ్లిన ఆంటిగ్వా తల్లీకూతుళ్లకి లాటరీలో సీట్లు తగిలాయి. మామూలు మనిషి అంతరిక్షానికి వెళ్లాడంటే చాలాసార్లు టికెట్ వేరేవాళ్ల జేబులోంచి వచ్చిందనే అర్థం.

బెలూన్లు ఇంకో రకం. ముప్ఫై కిలోమీటర్ల పైకి మెల్లగా తీసుకెళ్లి, నల్లటి ఆకాశం చూపించి దింపుతామని కొన్ని కంపెనీలు అంటున్నాయి. హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ 2022 డిసెంబరులో మన హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచే మనుషులు లేకుండా పరీక్ష చేసింది. తేలడం ఉండదు, చూడటమే. టికెట్ మీద జనం వెళ్లి రావడం మొదలైనప్పుడు ఆలోచించొచ్చు.

నా దృష్టిలో ఎవరూ సరిగ్గా పట్టించుకోని దారి జీరో-జీ, అంటే బరువు లేకుండా తేలించే విమానం. అమెరికాలో జీరో గ్రావిటీ కార్పొరేషన్ అనే సంస్థ, లోపల సీట్లు చాలావరకు తీసేసి మెత్తలు పరిచిన బోయింగ్ 727 నడుపుతోంది. ఫ్రాన్స్‌లో నోవెస్పేస్ వాళ్లది ఎయిర్‌బస్ ఏ310. ఇది అంతరిక్షం కాదు, మామూలు విమానాలు తిరిగే ఎత్తే. విమానం ముక్కు బాగా పైకెత్తి ఎక్కుతుంది, అప్పుడు ఒళ్లు దాదాపు రెట్టింపు బరువెక్కి నేలకి అతుక్కుపోతుంది. అందుకే అందరినీ వెల్లకిలా పడుకోబెడతారు. తర్వాత ఆ ఊపులోనే పైన వంపు తిరిగి కిందికి వంగేదాకా విమానం, మీరు ఒకే తీరున కదులుతుంటారు. ఇరవై సెకన్ల పైచిలుకు బరువన్నదే ఉండదు. వేలితో గోడని తోస్తే చాలు, అటు చివరికి వెళ్లిపోతారు. సీసాలోంచి వదిలిన నీళ్లు గోలీల్లా తేలుతుంటే జనం నోటితో అందుకుంటారు. అంతలో సిబ్బంది "కాళ్లు కిందికి!" అని కేకేస్తారు. ఆ కేక పట్టించుకోకుండా పైకప్పు దగ్గరే ఆడుకుంటే, బరువు తిరిగొచ్చిన క్షణంలో దబ్బున పడతారు.

ఇలా మొత్తం 15 సార్లు. కొన్ని మొదట్లో అంగారకుడి మీద, చంద్రుడి మీద ఉండేంత బరువుతో, మిగతావి పూర్తిగా బరువు లేకుండా. అన్నీ కలిపితే అయిదారు నిమిషాలు తేలినట్టు. న్యూ షెపర్డ్ ఇచ్చే మూడు నాలుగు నిమిషాల కన్నా ఇదే ఎక్కువ! ధర మాత్రం పదివేల డాలర్లకి కాస్త అటూ ఇటూ. వీసా, విమాన ఛార్జీలు వేరు. పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు మా వైపు వీధికి నాలుగున్నాయి. ఎలాగూ మనవడిని చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఇది అందని ఖర్చు కాదు. 2007లో వీల్‌చెయిర్‌లో ఉండే స్టీఫెన్ హాకింగ్ కూడా ఇందులో తేలాడు. లోటు లేదా అంటే, ఉంది: కొందరికి కడుపులో తిప్పుతుంది, ముందు రోజు చేపల పులుసు మీద మనసు అదుపులో పెట్టుకోవాలి. భూమి వంపు కనబడదు. పెళ్లిలో చెప్పుకోవడానికి కాస్త తక్కువే.

తేలడమే కోరికైతే, నా మాట ఇదే: విమానం. కోట్లున్నా సరే, ముందు ఇదెక్కి, ఒళ్లు తట్టుకుంటుందో లేదో చూసుకుని, అప్పుడు రాకెట్ సంగతి తేల్చుకోవచ్చు.

మరి ఇవేవీ అందని వాళ్లకి? శ్రీహరికోట గ్యాలరీకి పోవాలి. ఇస్రో 2019లో 5,000 మంది కూర్చుని రాకెట్ ప్రయోగం చూసేలా దీన్ని తెరిచింది. రుసుము లేదు. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఇస్రో వెబ్‌సైట్‌లో నమోదు తెరుస్తారు, అది చటుక్కున నిండిపోతుంది, కాబట్టి ఫోన్లో ఆధార్ నంబరుతో సహా అన్నీ సిద్ధంగా పెట్టుకోవాలి. డెల్టా నుంచి చెన్నై వైపు రైలెక్కి సూళ్లూరుపేటలో దిగాలి. మీ బండి అక్కడ ఆగకపోతే గూడూరులో దిగి వెనక బండి పట్టుకోవాలి. అక్కడి నుంచి పులికాట్ మధ్యలో వేసిన రోడ్డు. చలికాలమైతే ఫ్లెమింగోలు అదనం.

చూసేది ఎంతసేపు? నిజం చెప్పాలంటే ఇదీ నిమిషాల ఆటే. మైకులో కౌంట్‌డౌన్ సున్నాకి రాగానే చెట్ల పైన తెల్లటి పొగ పక్కలకి చిమ్ముతుంది. రాకెట్ చప్పుడు లేకుండా లేస్తుంటే ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది. కొన్ని సెకన్లాగి ఆ మోత వచ్చి గుండెల మీద తగులుతుంది, కూర్చున్న మెట్టు కూడా అదురుతుంది. పిల్లలు చెవులు మూసుకుంటారు, పెద్దవాళ్లు ఫోన్ పట్టుకున్న సంగతి మర్చిపోయి పైకి చూస్తుంటారు. మబ్బు పట్టిన రోజైతే కాసేపటికే మాయమైపోతుంది, ఇక మోత వినడమే.

పెద్ద చిక్కు వాయిదాలు. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2ని 56 నిమిషాల ముందు ఆపేశారు. అంత దూరం వచ్చినవాళ్లు నిద్రమొహాలతో వెనక్కి వెళ్లారు. వారం తర్వాత 22న మధ్యాహ్నం 2:43కి అది ఎగిరింది. అందుకని తిరుగు రైలు టికెట్ అదే రోజుకి తీసుకోవద్దు. నాయుడుపేటలోనో సూళ్లూరుపేటలోనో ఒక రాత్రికి గది చూసుకోండి, ఇంట్లో చెరువు కాపలాకి రెండు రోజులు ఎక్కువ చెప్పి బయల్దేరండి. టోపీ, నీళ్ల సీసా మర్చిపోవద్దు.